ఎడమ చేత్తో తిన్న ఇడ్లీ

"ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా?"

ఇరవై మూడేళ్ళుగా మా అత్త నోట వింటున్న మాట ఇది. పిల్లోడు కాలేజీ నుంచి వస్తా దారిలో బజ్జీ తినొచ్చినా, మా ఆయన తిరుపతికి పని మీద పోయి మధ్యాహ్నం అక్కడే భోంచేశానని చెప్పినా, పాప స్నేహితురాలి పుట్టినరోజని బిర్యానీ తినడానికి పోతానన్నా, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఆమె అడిగేది ఇదొక్కటే. వాళ్ళు నవ్వేసి లోపలికి పోతారు. అడిగేది వాళ్ళనే గానీ గుచ్చుకునేది నాకు. పొయ్యి నాది కదా!

అందుకే పుత్తూరులో ఎక్కడ ఏం తింటే బాగుంటుందని మా చెల్లెలు ఫోన్లో అడిగితే మొన్న మొన్నటి దాకా నా దగ్గర జవాబు లేదు. ఈ ఊరి కోడలినై ఇన్నేళ్ళయినా హోటళ్ళు నాకు తెలిసింది పొట్లాల్లోనే. ఇంట్లో అందరికీ జొరాలు వచ్చినప్పుడు ఇడ్లీ పొట్లం, ప్రయాణమై అలసిపోయి వచ్చిన రాత్రి పొరోటా పొట్లం. అంతే. పోయిన సంవత్సరం ఆడికృత్తికకి ముందు రోజు నా కుడిచెయ్యి విరగకపోయుంటే ఇప్పటికీ అంతేనేమో.

ఆడికృత్తిక అంటే మా పక్క ఎంత హడావిడో తెలిసిన వాళ్ళకి తెలుస్తుంది. పసుపు గుడ్డలు కట్టుకుని, కావడి భుజాన పెట్టుకుని, హరోంహర అంటా తిరుత్తణికి పోతారు. ఆ పండక్కి ఇల్లు కడగతా ఉన్నాను. వెనక మెట్టు మీద సబ్బు నీళ్ళు. కాలు జారింది. పడేటప్పుడు చెయ్యి కింద పెట్టాను. మణికట్టు దగ్గర పటుక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది.

"విరగ్గొట్టుకుంటే గింటే పుత్తూరులోనే విరగ్గొట్టుకోవాల" అని మా మామ బతికున్నప్పుడు తమాషాకి అంటుండేవాడు. ఈ ఊరి పేరు చెప్పగానే బయట వాళ్ళు అడిగేది మా హోటళ్ళ గురించి కాదు, కట్టు గురించే. తిరుపతి దారిలో ఈశ్వరాపురంలో రాజుల కుటుంబం తరతరాలుగా ఎముకలకి కట్టు కడతా ఉంది. ఆకు పసరు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ పట్టీ, వెదురు దబ్బలు, ఇంతే సరంజామా. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కార్లు కట్టుకుని వస్తారు. మా ఆయన ముందు ఎక్స్‌రే తీయిద్దామన్నాడు. మంచి పని చేశాడు. ఎముక పక్కకి జరగలేదు, చీలింది అంతే అని డాక్టరు చెప్పాకనే కట్టుకి పోయాం. మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇట్లా జరిగితే ముందు ఎక్స్‌రే తీయించుకోండి, ఆ తర్వాత మీ నమ్మకం మీది.

నలభై ఐదు రోజులు. చెయ్యి కదపకూడదు, నీళ్ళు తగలకూడదు.

మొదటి రోజు అందరూ ధైర్యం చెప్పారు. "నువ్వు చెప్తా ఉండు, మేం చేస్తాం" అన్నారు. పిల్లోడు బియ్యం కడిగాడు, మా ఆయన చారు పెట్టాడు. చింతపండు ఎంత వెయ్యాలో చెప్తే అర్థం కాలేదు. "నిమ్మకాయంత" అన్నాను. "ఏ నిమ్మకాయంత?" అన్నాడు. ఆ ప్రశ్నకి నిజంగానే జవాబు లేదు. నా నిమ్మకాయ నా వేళ్ళకే తెలుసు. మూడో రోజుకి వంటింట్లో గిన్నెలు కొండలా పేరుకుపోయాయి. నాలుగో రోజు పొద్దున మా ఆయన చొక్కా తగిలించుకుని, స్టీలు క్యారియరు పట్టుకుని బయటికి పోయాడు. అత్త నోరు తెరవబోయి, నా కట్టు చూసి మళ్ళీ మూసుకుంది.

ఆ క్యారియర్ల పుణ్యాన మా ఊరి పటం నాకు కొత్తగా తెలిసింది.

రైల్వే స్టేషను దగ్గర ఒక అక్క నడిపే టిఫిను అంగడి. బోర్డు లేదు, రెండు బల్లలు, నాలుగు స్టూళ్ళు. గుడ్డ వేసి ఉడికించే ఇడ్లీ. మన ఇళ్ళల్లో గుంతలకి నూనె రాసి పోస్తాం. తడిగుడ్డ మీద పోసిన ఇడ్లీకి అడుగు కూడా మెత్తగా ఉంటుంది, చల్లారినా గట్టిపడదు. పొద్దున ఆరున్నర బండికి పోయే వాళ్ళూ, పాలు పోసే వాళ్ళూ, మార్కెట్టుకి కూరగాయలు దించే వాళ్ళూ అందరూ అక్కడే. ఎనిమిదిన్నరకల్లా ఇడ్లీ అయిపోతుంది, ఆ తర్వాత దోసెలే.

బస్టాండు పక్క సందులో కారం దోసె. ఎండు మిరపకాయలు, తెల్లగడ్డలు నూరిన ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, సెగ తగ్గించి కాలుస్తారు. కడప, అనంతపురం దోసెకి తమ్ముడే గానీ, పక్కన పెట్టే సాంబారు మాత్రం తమిళ సాంబారు. మధ్యాహ్నం సంకటి కావాలంటే తిరుపతి రోడ్డులో ఒక పాకలాంటి హోటలుంది. వేడి రాగి సంకటి ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన చెనక్కాయల ఊరిబిండి. మాంసం తినే వాళ్ళకి నాటుకోడి పులుసు. సాయంత్రం బజారులో మసాలా బొరుగుల బండి. వంద రకాల చాట్లు వచ్చాయి గానీ, నిమ్మకాయ పిండి, వేయించిన చెనక్కాయలు వేసి, కాగితం పొట్లంలో గుప్పుమని వాసనొచ్చే ఆ బొరుగులకి సాటి లేదు. దాని పక్కనే పులిబొంగరాలు వేసే ముసలామె. మిగిలి పులిసిన దోసెపిండిలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు తరిగి వేసి నూనెలో వదిలితే బంగారు రంగులో పైకి తేలతాయి.  రాత్రి అయితే పొరోటా, సాల్నా. రాళ్ళ మీద అట్లకాడలు కొట్టే ఆ టకటక శబ్దం వింటే కడుపు నిండినోళ్ళకి కూడా ఆకలేస్తుంది.

ఇట్లా సంకటి పక్కన సాల్నా ఉండడం మాకు వింత కాదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చి తిరుత్తణిని మద్రాసు వైపు కలిపారు. అంతకు ముందు అదీ మా చిత్తూరు జిల్లానే. గీత గీశారు గానీ మనుషులు, రుచులు ఆ గీత దాటతానే ఉన్నారు. పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ, కావడ్లు ఇటు నుంచి అటు, పెరటాసి నెల వచ్చిందంటే గోవిందా గోవిందా అంటా నడిచే తిరుమల యాత్రికులు అటు నుంచి ఇటు. మా వీధిలో సగం మంది తెలుగులో కూరగాయలు బేరమాడి తమిళంలో తిట్టుకుంటారు. 2022లో మా ఊరు చిత్తూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సాంబారులో మాత్రం ఏ మార్పూ లేదు.

వారం బాగానే గడిచింది. ఎనిమిదో రోజు పొద్దున పిల్లోడు ఇడ్లీ సాంబారులో ముంచి తింటా, "మా, ఈ అక్క సాంబారు ఏముందబ్బా! నువ్వు కూడా ఇట్లా పెట్టొచ్చు కదా" అన్నాడు.

ఊరికే అన్నాడు. వాడి మనసులో ఏమీ లేదు. నాకు మాత్రం ముద్ద గొంతులో ఆగిపోయింది. అప్పటికి పాప నాకు స్పూనుతో తినిపిస్తా ఉంది. "చాలు" అని లేచి లోపలికి పోయాను. వంటింట్లో ఆరిన పొయ్యి ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాను, అదీ ఎడమ చేత్తో. నలభై ఆరేళ్ళ మనిషికి సాంబారు మీద అసూయ! ఎవరికైనా చెప్తే నవ్వుతారు. చదివే మీలో కొందరు మాత్రం నవ్వరని నాకు తెలుసు.

ఇంకో రెండు వారాలకి ఇంకో సంగతి జరిగింది. రాత్రి మా ఆయన డైరీలో లెక్క రాస్తా ఉన్నాడు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం కూర, పప్పు, రాత్రికి ఏదో ఒకటి. ఇరవై రోజులకి ఏడువేల ఎనిమిది వందలయింది. అన్నం ఇంట్లోనే వండతా ఉంటేనే ఇంత. "వామ్మో, ఇంతా!" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. కొంచేపటికి పెన్ను మూసి, "ఇన్నేళ్ళ లెక్క వెయ్యలేం లే మే" అని తనే అన్నాడు. అది మెచ్చుకోలో, దిగులో నాకు తెలియలేదు. ఆ మాట దాచుకున్నాను.

ఇంక అసలు విషయానికొస్తాను.

నాలుగో వారం కట్టు మార్చుకోవడానికి పోయాను. మా ఆయన దింపేసి ఆఫీసుకి పోయాడు, వచ్చేటప్పుడు షేర్ ఆటోలో వచ్చేస్తానన్నాను. అక్కడ జనం ఎక్కువ, ఆలస్యమైంది. పొద్దున ఏమీ తినలేదు. ఆటో స్టేషను దగ్గర దించేసరికి పదిన్నర. ఇంటికి పది నిమిషాల నడక. కళ్ళు తిరుగుతున్నాయి. ఎదురుగా ఆ అక్క అంగడి.

నిలబడిపోయాను. చేతిలో డబ్బులున్నాయి, కడుపులో ఆకలుంది, ఎదురుగా తిండి ఉంది. అయినా కాళ్ళు కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నేను నా జీవితంలో ఒక్కదాన్నే హోటల్లో కూర్చుని తిన్నది లేదు. తిరుపతిలో బీఏ చదివే రోజుల్లో స్నేహితురాళ్ళతో కాఫీ తాగి ఉంటాను. పెళ్ళయ్యాక కుటుంబంతో పోయాను. ఒక్కదాన్నే, నా కోసం, నా ఆకలికి? ఒక్కసారి కూడా లేదు. ఎవరైనా చూస్తే? "ఫలానా వాళ్ళ కోడలు పదిన్నరకి ఒంటరిగా కూర్చుని టిఫిను తింటా ఉంది" అంటే? దాంట్లో తప్పేముందో చెప్పమంటే చెప్పలేను. తప్పు చేస్తున్నట్టు మాత్రం ఉంది.

"ఏం పాపా, అట్లా నిలబడి ఉండావే? లోపలికి రా" అని అక్కే పిలిచింది.

పోయి గోడ పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఇడ్లీ అయిపోయాయేమో అన్నాను. "నాలుగు దాచి పెట్టిండాను, ఈ టయానికి కట్టు కట్టించుకునే వాళ్ళు వస్తారు కదా" అంది. ప్లేటు ముందు పెట్టింది. అప్పుడు తెలిసింది నా అసలు కష్టం. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఇంట్లో అయితే పాప తినిపిస్తుంది. ఇక్కడ, పది మందిలో, ఎడమ చేత్తో అన్నం ముట్టుకోవడమా! చిన్నప్పుడు మా నాయనమ్మ ఎడమ చేత్తో ప్లేటు జరిపితేనే వీపు మీద ఒకటి వేసేది.

నేను ఇడ్లీల వంక చూస్తా ఉంటే అక్క వచ్చి ప్లేటు తీసుకుంది. నాలుగు ఇడ్లీలూ చిన్న చిన్న ముక్కలుగా తుంచింది, లోతు గిన్నెలో వేసింది, పైన సాంబారు పోసి, కొబ్బరి చట్నీ పక్కన పెట్టి, ఒక స్పూను గుచ్చి మళ్ళీ నా ముందు పెట్టింది. చూస్తే పొయ్యి పక్క డబ్బాలో అట్లాంటి స్పూన్లు ఓ పాతికున్నాయి.

"తినుమ్మా. ఈ ఊర్లో ఎడమ చేత్తో తింటే ఎవురూ ఏమీ అనుకోరు" అంది.

చుట్టూ చూశాను. నిజమే. ఎదుటి బల్ల దగ్గర తమిళం మాట్లాడే ఒక పెద్దాయన భుజానికి కట్టుతో కూర్చుని ఎడమ చేత్తోనే తింటున్నాడు. ఇంకో తల్లి పదేళ్ళ పిల్లోడికి దోసె తుంచి పెడతా ఉంది, వాడి మోచేతికి కట్టు. ఏళ్ళ తరబడి విరిగిన చేతులకి తిండి పెట్టే అంగడి అది. దోసె అడిగితే కత్తిరించి ఇస్తుంది, పూరీ అడిగితే "చేతితో పనయితే వద్దు, పొంగలి తిను" అని తనే మారుస్తుంది. ఈ ఊరికి పేరొచ్చింది కట్టుతో. ఆ కట్టు కట్టించుకున్న వాళ్ళని ఇంటికి చేరేదాకా నిలబెట్టేది ఇట్లాంటి గిన్నె ఇడ్లీ.

ఆ రోజు నాలుగు ఇడ్లీలు, ఒక కాఫీ. నలభై ఐదు రూపాయలు. ఎవరికి వడ్డించాలో చూసుకోకుండా, ఎవరి ప్లేటు ఖాళీ అయిందో గమనించకుండా, మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా వేడిగా తిన్నాను. సాంబారు నిజంగానే బాగుంది. పిల్లోడు అబద్ధం చెప్పలేదు. గుమ్మడికాయ ముక్క ఉడికించి మెదిపి కలుపుతుందంట, అదే ఆ కమ్మదనం. అడిగితే దాచకుండా చెప్పింది.

ఆ తర్వాత ప్రతి వారం కట్టుకి పోయిన రోజు అక్క అంగడి దగ్గర ఆగడం అలవాటైంది. పదకొండు దాటితే జనం పలచబడతారు, అప్పుడు రెండు మాటలు. తెల్లవారుజామున మూడింటికి లేస్తుందంట. పిండి ముందు రోజు సాయంత్రమే రుబ్బుతుంది, ఉప్పుడు బియ్యం నాలుగుకి మినపగుళ్ళు ఒకటి. చలికాలం పిండి పొంగకపోతే గిన్నె చుట్టూ దుప్పటి కప్పుతుంది, పసిబిడ్డకి కప్పినట్టు. ఆమె పెనిమిటి మగ్గం పని చేసేవాడు, నగరి వైపు మరమగ్గాల్లో. ఆరోగ్యం చెడి మానేశాడు. ఇద్దరు ఆడపిల్లలకీ పెళ్ళిళ్ళు ఈ ఇడ్లీ పాత్ర మీదే చేసింది.

"నువ్వు ఎప్పుడు తింటావక్కా?" అని అడిగాను ఒకసారి.

"నేనా? పన్నెండుకి మూసినాక."

"ఇడ్లీనేనా?"

"అయ్యో, నా ఇడ్లీ నాకు సయించదు పాపా. ఆ వాసన పొద్దుననించీ పీల్చి పీల్చి ఆకలే చచ్చిపోతాది. ఆ సంకటి హోటలోడు ముద్ద పంపిస్తాడు, నేను వాడికి పొద్దున ఇడ్లీ పంపిస్తా. ఇంకొకరు వండి పెట్టినేది తింటే ఆ సుఖమే యేరు."

ఆ మాట విని ఇంటికి నడుస్తా మా క్లాసులు గుర్తు చేసుకున్నాను. బీఏలో మాకు ఆముక్తమాల్యద చెప్పేటప్పుడు, విష్ణుచిత్తుడు ఏ కాలానికి తగ్గట్టు ఆ కాలం వంటలతో అతిథులకి భోజనం పెట్టే పద్యాలు చెప్పారు. శ్రీవిల్లిపుత్తూరు, మాది ఉత్త పుత్తూరు అని నవ్వుకునేవాళ్ళం. వానాకాలం ఏం పెట్టాడు, ఎండాకాలం ఏం పెట్టాడు అని పరీక్షకి బట్టీ పట్టాను. ఆ వానలో తడి కట్టెలు ఊది ఊది మంట చేసింది ఎవరో అన్న ప్రశ్న ఇరవై ఏళ్ళ వయసులో నాకు రాలేదు. నలభై ఆరేళ్ళకి, చెయ్యి విరిగాక వచ్చింది.

హోటలు తిండి మనకి కొత్తదీ కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే స్నేహితులు పూటకూటి ఇంటి గురించి చెప్పుకుంటారు, ఒక్క రూకకి ఎంత గొప్ప భోజనమో అని. కన్యాశుల్కంలో గిరీశం కోసం చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికొచ్చిన పూటకూళ్ళమ్మని ఎవరు మరిచిపోతారు? కానీ నాటకమంతా వెతికినా ఆమెకి పేరు లేదు. పూటకూళ్ళమ్మ, అంతే. అది గుర్తొచ్చి సిగ్గేసింది. నేను కూడా ఇన్ని వారాలు తిని అక్క పేరు అడగలేదు. మరుసటి వారం అడిగాను, చెప్పింది. నేను రాస్తుంటానని, ఈ అంగడి గురించి రాస్తానని చెప్తే, "పేరు మాత్రం యెయ్యొద్దులే పాపా, అల్లుళ్ళు చదవతారు" అని నవ్వింది. అందుకే రాయడం లేదు. నాకు తెలుసు, అంతే చాలు.

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది, వేళ్ళు బిగుసుకుపోయాయి. నెమ్మదిగా వంటింట్లోకి దిగాను. నేను మళ్ళీ చారు పెట్టిన రోజు ఇంట్లో పండగ. పిల్లోడు మూడుసార్లు పోయించుకున్నాడు. "మా, నీ చారు ముందు ఏదీ నిలవదు" అన్నాడు. సంతోషమేసింది. కానీ పోయినసారి అక్క సాంబారుని మెచ్చుకున్నప్పుడు ఏడ్చినంతగా ఇప్పుడు పొంగిపోలేదు. ఆ రెండూ ఒక్క తరాజులో తూచేవి కావని అప్పటికి తెలిసింది.

ఒక్కటి మాత్రం మానలేదు. గురువారం గురువారం పదిన్నరకి స్టేషను దగ్గరికి పోతాను. మొదటి రెండు వారాలు కూరగాయలకని చెప్పి పోయాను. మూడో వారం నాకే విసుగేసింది. దొంగతనమా ఏమన్నానా! చెప్పులేసుకుంటా, "అత్తా, టిఫిను తినేసి వస్తా" అన్నాను.

కుర్చీలోంచి తల తిరిగింది. "ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా?"

"ఆరలేదత్తా. నీకూ అందరికీ వండేసే పోతాండాను. ఒక్క పూట ఇంకొకరు పెడితే తినాలనుంది."

అంత సూటిగా ఆమెతో నేనెప్పుడూ మాట్లాడలేదు. గుండె కొట్టుకుంది. గొడవ అవుతుందనుకున్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నన్ను చూడకుండా వీధి వంక చూస్తా చెప్పింది.

పెళ్ళయిన కొత్తలో మా మామ ఆమెని తిరుపతికి తీసుకుపోయాడంట. సినిమాకి. వచ్చేటప్పుడు ఒక హోటల్లో పూరీ తిందామన్నాడు. ఆమెకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు, పూరీ అంత పెద్దగా పొంగి రావడం అదే మొదటిసారి చూడడం. వేలితో గుచ్చితే ఆవిరొచ్చిందంట. ఇంకా సగం తినకముందే ఆమె అత్త తరఫు చుట్టాలెవరో అదే హోటల్లోకి వచ్చారు. సిగ్గుతో లేచి వచ్చేసింది. మాట ఇంటికి ముందే చేరిపోయింది. గడపలో అడుగు పెట్టేసరికి ఆమె అత్త అడిగిందంట.

"ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా, అని. పది రోజులు నాతో మాట్లాడలేదు. మీ మామ మళ్ళా ఎప్పుడూ పిలవలేదు. నేనూ అడగలేదు" అంది అత్త.

చెప్పులు కాళ్ళకుండగానే ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఇరవై మూడేళ్ళు నన్ను పొడిచిన మాట ఆమెకి యాభై ఏళ్ళ కింద దిగిన ముల్లు. తీసి పారెయ్యాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నాకు కోపం పోయిందని చెప్పను. అంత తొందరగా పోదు. ఆ పొడుపులన్నీ నేను పడ్డవే. కానీ ఆ సగం పూరీ మాత్రం మనసులోంచి పోలేదు.

తర్వాతి గురువారం, "అత్తా, నువ్వూ రా" అన్నాను. "ఈ వయసులో నాకెందుకు మే" అంది. ఆ పై వారం మళ్ళీ అడిగాను. "మోకాళ్ళు నొప్పి" అంది. మూడో వారం ఆటో పిలిచి ఇంటి ముందు నిలబెట్టాను. "వీధి వైపు కూర్చోను, గోడ వైపు కూర్చుంటా" అని షరతు పెట్టి ఎక్కింది.

అక్కకి ముందే చెప్పి పెట్టాను. రెండు పూరీలు, ఉర్లగడ్డ కుర్మా. పెనంలోంచి తీసిన వెంటనే, ఇంకా పొంగి ఉండగానే తెచ్చి పెట్టింది. అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది, పైట తల మీదికి లాక్కుంది. పూరీని కొంచేపు చూసింది. తర్వాత చూపుడు వేలితో మెల్లగా గుచ్చింది. ఆవిరొచ్చింది.

నేను నా ఇడ్లీ వంక చూసుకున్నాను. ఆమె మొహం చూడడం నాకు మర్యాద కాదనిపించింది.

రెండు పూరీలూ తినింది. కుర్మా గిన్నె వేలితో తుడిచి నాకింది. చెయ్యి కడుక్కుని వచ్చి, "సోంపు ఎక్కువేసింది. ఉర్లగడ్డ ఇంకా మెదిపుండాల" అని నాతో అంది, అక్కకి వినపడేటట్టే. అక్క నవ్వి, "మళ్ళా వారం తగ్గిస్తాలేమ్మా" అంది. ఇంటికొచ్చే దారిలో అత్త ఇంకేం మాట్లాడలేదు. రాత్రి మా ఆయన "ఎట్లుండింది మా?" అని అడిగితే, "ఏముంది, నూనె" అంది.

ఈ గురువారం పొద్దున పిండి గ్రైండర్లో వేసి, బియ్యం కడిగి, ఇంకా నేను స్నానానికి కూడా పోలేదు. తొమ్మిదయింది. వరండాలోకి వస్తే అత్త జాకెట్టు మార్చుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, చెప్పులేసుకుని కుర్చీలో కూర్చోనుంది.

"ఇంకా కానీలేదా?" అంది. "ఆ అమ్మి దగ్గర పూరీ అయిపోతాది."